వాల్మీకి గీయని గీత

స్త్రీలు తమకు న్యాయముగా రావలసినదానిని అడిగినప్పుడెల్ల మన దేశమున నొక ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును. "మతము ఒప్పుకొనదు" అనునదియే యా ప్రత్యుత్తరము. బాలికలను బడికి పంపుదమన్నప్పుడు ఇదియే చెప్పిరి. బాలవితంతువులకు మరల వివాహము చేయుదమన్నప్పుడు ఇదియే చెప్పిరి. నేడు కూతురు తండ్రి పొలములో భాగమడిగినను, కోడలు ఉద్యోగమునకు వెళ్లెదనన్నను, భార్య తన్ను కొట్టవద్దన్నను ఇదియే చెప్పుచున్నారు. దీనికి తోడు మరియొక మాటయు చేరినది. స్త్రీవాదము పడమటి దేశముల సరుకనియు, మన ధర్మమునకు సరిపడదనియు, దానిని గడపలోనికి రానిచ్చినచో సంసారములు కూలిపోవుననియు చెప్పువారు పెరిగిరి. గుడి ప్రవచనములలోను, మసీదు ఉపదేశములలోను, చర్చి ప్రసంగములలోను ఈ మాట వేర్వేరు వేషములతో వినవచ్చుచున్నది.

మేము మతద్వేషులము కాము. దేవుని నమ్మి బ్రతుకుచున్న కోట్లకొలది తల్లుల నమ్మకమును ఎగతాళి చేయు సంస్కారము సంస్కారము కాదని మా యభిప్రాయము. మేమడుగునది రెండే ప్రశ్నలు. మీరు చెప్పు నిషేధము ఏ గ్రంథమున, ఏ తావున నున్నదో చూపుడు. చూపినచో, ఆ గ్రంథమే పురుషులకు విధించిన నియమములను మీరెంతవరకు పాటించుచున్నారో చెప్పుడు. ఈ రెండు ప్రశ్నలకును తట్టుకొని నిలువగల నిషేధములు మిక్కిలి తక్కువ.

దీనికి మా ప్రాంతమునుండియే యొక నిదర్శనము చూపెదము. ఖమ్మము పట్టణమునకు ఆనుకొనియున్న ఖానాపురం హవేలినుండి ఈశాన్యముగా బయలుదేరి, కొత్తగూడెము, పాల్వంచలు దాటి అడవిదారిని పోయినచో సుమారు 120 కిలోమీటర్ల దూరమున భద్రాచలము వచ్చును. అచ్చటినుండి మరి 35 కిలోమీటర్లు పోయిన, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము మండలములో పర్ణశాల యున్నది. వనవాసకాలమున సీతారాములచ్చట నుండిరని జనుల నమ్మకము. మా వైపు కుటుంబములు భద్రాద్రి రాముని కల్యాణము చూడబోయి పర్ణశాలను గూడ దర్శించి వచ్చుట పరిపాటి. సీతమ్మ నారచీరలారవేసిన గుర్తులని వాగునొద్ద రాళ్లను చూపుదురు. బంగారు లేడి కథ చెప్పుకొందురు. దానితోపాటు లక్ష్మణరేఖ కథయు చెప్పుకొందురు. కథ ముగియగానే పెద్దలు ఆడపిల్లల వైపు తిరిగి, "చూచితివా, గీత దాటినందులకు ఎంత చేటు వచ్చెనో!" యని బుద్ధి చెప్పుదురు. మగపిల్లలకు మాత్రము ఆ కథనుండి చెప్పవలసిన బుద్ధి యేదియు వారికి తోచదు.

ఆ గీత వాల్మీకి రామాయణమున లేదు. అరణ్యకాండమును విప్పి చూడుడు. మారీచుని యార్తనాదము విని సీత లక్ష్మణుని వెళ్లుమనును. అతడు వెనుకాడును. ఆమె పరుషములాడును. అతడు నొచ్చుకొని, ఆమె రక్షణభారమును వనదేవతలకప్పగించి వెడలిపోవును. నేలపై గీత గీసినట్లచ్చట నొక్క శ్లోకమును లేదు. పిమ్మట రావణుడు సన్న్యాసి వేషమున వచ్చును. సీత అతిథి ధర్మము తప్పక అతనికి ఆసనమును, పాద్యమును ఇచ్చి ఆదరించును. ఆమె దాటిన గీత యేదియు లేదు. ఆమె పాటించిన ధర్మమే యున్నది.

గీత తరువాతి దేశభాషా రామాయణములలోను, కథకుల నోళ్లలోను పుట్టి పెరిగినది. పాతకథకు క్రొత్త చేర్పులు చేయుట కవులకు కథకులకు సహజమే. మేము దానిని తప్పుపట్టుట లేదు. కాని యీ చేర్పువలన కలిగిన మార్పును గమనింపవలెను. గీత లేని కథలో దోషి యొక్కడే, రావణుడు. గీత యున్న కథలో దోషము సగము సీతపై పడును. దొంగ చేసిన నేరము గడపదాటిన యిల్లాలి తప్పుగా మారిపోవును. ఏ యాడపిల్లకైన దారిలో అవమానము జరిగినప్పుడు, చేసినవానిని విడిచి, "ఆ వేళప్పుడు నీవచ్చటికేల పోయితివి?" యని యామెనే నిలదీయు సంఘమునకు ఆ గీత యెంత యక్కరకు వచ్చినదో వేరుగా చెప్పవలెనా?

మూలమున లేని గీతను మనము మనసున నిలుపుకొంటిమి. మూలమున నున్న సీతను మరచితిమి. రాముడు అడవికి ఒంటరిగా పోయెదనన్నప్పుడు అయోధ్యాకాండమున ఆమె తలవంచి సరేయనలేదు. వాదించినది, కోపించినది, ఆయన పౌరుషమును సైతము ప్రశ్నించినది, తుదకు తన మాట నెగ్గించుకొన్నది. దండకారణ్యమున మునులకు మాటయిచ్చి రాముడు రాక్షసవధకు పూనుకొన్నప్పుడు, తమకపకారము చేయనివారిపై ఆయుధమెత్తుట ధర్మమా యని భర్తను అడిగినది. రాముడామెకు బదులు చెప్పెనేగాని, ఆడుదానికి ధర్మవిచారమేల యని నోరు మూయింపలేదు. ఉత్తరకాండమున మరల శపథము చేయుమని సభలో నిలబెట్టినప్పుడు, ఆమె భూమాతను వేడుకొని ఆ సభనే విడిచిపోయినది. పతివ్రతయనగా మాటాడని స్త్రీయని చెప్పు ప్రవక్తలు ఈ ఘట్టములను ఏ పుస్తకమున చదివిరో మాకు తెలియదు.

రామాయణమొక్కదానికే యీ గతి పట్టలేదు. బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయమున, పండితురాలగు కూతురు కావలెనని కోరు దంపతులు నువ్వులతో వండిన యన్నమును నేతితో భుజింపవలెనని చెప్పబడినది. కొడుకు కొఱకు చెప్పిన విధులతోపాటే యిదియు నున్నది. గార్గి యాజ్ఞవల్క్యుని సభలో ప్రశ్నించినదియు, మైత్రేయి ధనముకంటె అమృతత్వము మేలని తేల్చినదియు ఆ యుపనిషత్తులోనే. అట్టి గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు శంకరాచార్యులవారు, కూతురి పాండిత్యమనగా గృహకృత్యములలోని పాండిత్యమేయనియు, ఆమెకు వేదాధికారము లేదనియు వ్రాసిరి. శంకరులవంటి మహామేధావియందు మాకు గౌరవమున్నది. కాని మూలమిచ్చిన దానిని వ్యాఖ్య తగ్గించినదను సత్యమును గౌరవముకొఱకు దాచవలసిన పనిలేదు. ఇచ్చట గీత గీసినది వ్యాఖ్యాత.

"అయినను మనువు మాటయేమి?" యని యడుగుదురు. స్త్రీ స్వాతంత్ర్యమునకు తగదను మాట మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున నున్నదన్నది నిజమే. దానిని మేము కాదనము, సమర్థింపము. కాని దానిని వల్లించువారిని మేమొకటి యడుగుదుము. ఆ తొమ్మిదవ అధ్యాయముననే, అన్నదమ్ములు తమ తమ భాగములలో నాలుగవవంతు పెండ్లికాని తోబుట్టువులకు ఈయవలెననియు, ఈయనివారు పతితులగుదురనియు నున్నది. యుక్తవయస్సు వచ్చిన కన్య మూడేండ్లు వేచి, పిమ్మట తానే వరుని వరింపవచ్చుననియు నున్నది. మనువు ప్రమాణమైనచో మొదట ఆ నాలుగవవంతు చెల్లించి రండు. కూతురు తనకు నచ్చినవానిని పెండ్లాడినందుకు ఇంటి తలుపులు మూయుట మానుడు. స్త్రీని కట్టు శ్లోకము శాస్త్రము, పురుషుని కట్టు శ్లోకము పాతకాలపు మాట యనుట మతము కాదు, లాభనష్టముల లెక్క.

ఆస్తి విషయమును చూడుడు. చాళుక్య చక్రవర్తి యారవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణిలో మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, స్త్రీకి వారసత్వముగా వచ్చినదియు, ఆమె కొన్నదియు, పంపకమున పొందినదియు స్త్రీధనమేయని విశాలముగా చెప్పెను. ఆంగ్లేయుల ప్రివీ కౌన్సిలు ఆ యర్థమును అంగీకరింపలేదు. వారసత్వముగా వచ్చిన యాస్తి స్త్రీకి అనుభవించుటకేగాని అమ్ముటకు కాదనెను. ఆ కట్టు తెగుటకు 1956 హిందూ వారసత్వ చట్టము రావలసి వచ్చినది. స్త్రీకి హక్కులు పడమటినుండి వచ్చినవని చెప్పువారు ఇది గమనింతురుగాక! ఈ విషయమున పడమటినుండి వచ్చినది హక్కు కాదు, కత్తిరింపు.

గ్రంథమును ఎవరు చదివి చెప్పుదురో వారి చేతనే అధికారమున్నదను సంగతి తెలుగువారికి మొదట బోధపరచినవారు వీరేశలింగము పంతులుగారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వంగదేశమున చేసినట్లే, వీరును పరాశరస్మృతిలోని ఆపద్ధర్మమును ఆధారముగా చూపి, పండితులతో వారి భాషలోనే వాదించిరి. 1856లోనే వితంతు వివాహ చట్టము వచ్చియుండినను, రాజమహేంద్రవరమున మొదటి వివాహము జరుగుటకు 1881 డిసెంబరు 11వ తేదీ వరకు ఆగవలసి వచ్చినది. చట్టమునకును ఆచరణకును నడుమ నున్న ఆ యిరువదియైదేండ్లు ఎన్ని బాలికల బ్రతుకులో యెవరు లెక్కింపగలరు? నాడు శాస్త్రవిరుద్ధమని అరచినవారి మనుమలు నేడు పంతులుగారి విగ్రహములకు పూలమాలలు వేయుచున్నారు. మతము కూలిపోలేదు. గోదావరి పుష్కరములు ఆగిపోలేదు.

ఇది హిందువుల ముచ్చట మాత్రమేయని యితర మతములవారు ఊరటపడవలదు. ఒక్కమారుగా ముమ్మారు తలాకని భార్యను వీథిలో నిలబెట్టుట మతాచారమని మన దేశమున దీర్ఘకాలము వాదించిరి. 2017 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానమున అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు దానిని కొట్టివేసిరి. వారిలో నొకరు, అది ఖురానునకే విరుద్ధమని నిర్ణయించిరి. కొడుకు భాగములో సగమైనను కూతురికి ఈయవలెనని ఆ గ్రంథము ఏడవ శతాబ్దముననే విధించినది. ఆ సగమును సైతము అన్నదమ్ములకు వదలిపెట్టుమని చెల్లెండ్రను బ్రతిమాలు గృహస్థులు, పరదా విషయమున చూపు పట్టుదలను పంపకము విషయమునను చూపవలెను.

క్రైస్తవులలోను, స్త్రీలు సంఘమున మౌనముగా నుండవలెనన్న పౌలు మాటనే పట్టుకొని వేదిక నెక్కనీయని సంఘములున్నవి. అదే పౌలు అదే పత్రికలో, స్త్రీలు ప్రార్థించునప్పుడును ప్రవచించునప్పుడును తలపై ముసుగు వేసికొనవలెనని వ్రాసెను. నోరు మెదపగూడని స్త్రీ ప్రవచించుటెట్లు? మా ఖమ్మమునకు చేరువనే యున్న డోర్నకలు కేంద్రముగా పెరిగిన క్రైస్తవులు 1947లో దక్షిణ భారత సంఘమున చేరిరి. ఆ దక్షిణ భారత సంఘము 2013లో నంద్యాలకు ఇ. పుష్పలలితగారిని బిషప్పుగా అభిషేకించినది. బైబిలు మారలేదు. చదివినవారి చూపు మారినది.

ఇక స్త్రీవాదము దిగుమతి సరుకను మాట. మా ఖమ్మము ప్రక్కన పారు మున్నేరే దిగువకు పోయి పెనుగంచిప్రోలును తాకును. అచ్చట 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడిముఖము చూడలేదు. బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో చదువు నేర్చి, 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల"ను ప్రకటించిరి. స్త్రీలు బుద్ధిహీనులన్న నిందకు ఆమె యెదురు నిందతో బదులీయలేదు. చరిత్రనుండి స్త్రీల జీవితములను వరుసగా తెచ్చి యెదుట పెట్టిరి. మరుసటి యేట ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. 1905లో చిన్నవయస్సుననే మరణించిరి. నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1934లో ఖమ్మమున కూడినప్పుడు, దానితోపాటు జరిగిన మహిళాసభకు ఎల్లాప్రగడ సీతాకుమారిగారు అధ్యక్షత వహించిరి. ఈ స్త్రీలు పడమటి దేశముల నుండి ఓడలలో దిగలేదు. మున్నేటి నీరు, గోదావరి నీరు త్రాగి పెరిగినవారు.

సంసారములు కూలిపోవునను భయమును గూర్చి యొక మాట. ఏ సంసారము ఒక్కరి నోరు మూసినప్పుడే నిలుచునో, అది నిలిచినది కాదు, అణగియున్నది. కూతురికి ఎకరము పొలమిచ్చినందుకు ఏ తోబుట్టువుల ప్రేమ చెడునో, ఆ ప్రేమ పొలము వెల కంటె తక్కువది. చదివిన భార్యయున్న యింట పిల్లల చదువు సాగుట, తన చేతిలో నాలుగు రూపాయలున్న తల్లి యింట బిడ్డ ఆకలి తీరుట మనము నిత్యము చూచుచున్నదే. సంసారములను కూల్చునది స్త్రీల హక్కు కాదు. వరకట్నము, సారాయి, చేయిచేసుకొనుట అవి. వానిని ఖండించుటకు ప్రవచనములలో ఎన్ని నిమిషములు కేటాయించుచున్నారో శ్రోతలే లెక్కింతురుగాక!

భద్రాచలమునకు తిరిగి వత్తము. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున అచ్చట ఆలయము కట్టించినది జగద్విదితము. ఆయనకంటె ముందు ఆ కొండపై విగ్రహములను కనుగొని, పందిరి వేసి, అడవిలో దొరకిన పండ్లు నైవేద్యము పెట్టి కొలిచినది పోకల దమ్మక్క యను గిరిజన స్త్రీయని క్షేత్రకథ. ఆమె పేర సేవాయాత్రయు జరుపుచున్నారు. ఒక యడవితల్లి భక్తితో మొదలైన క్షేత్రమది. స్త్రీకి పూజాధికారము లేదనువారు ఆ మెట్లెక్కునప్పుడు ఈ కథను తలచుకొందురుగాక!

దమ్మక్కకు దండము పెట్టు మనము, ఆమె జాతి కూతుండ్రకు ఏమిచ్చితిమి? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమగు జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ 1986 చట్టముతో, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, దేశమున కెల్ల ముందుగా కల్పించిన రాష్ట్రములలో నొకటి. కేంద్రము దానిని 2005లో దేశమంతటికి విస్తరించినది. 2020లో సర్వోన్నత న్యాయస్థానము ఆ హక్కు పుట్టుకతో వచ్చునదేయని స్థిరపరచినది. కాని 1956 చట్టములోని రెండవ సెక్షను, కేంద్రము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, ఈ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదనుచున్నది. అందుచేత ఖానాపురం హవేలిలోని రైతు కూతురికి చట్టము తోడున్నది. భద్రాచలపు అడవిలోని కోయ రైతు కూతురు ఆచారమేమనునో దానికి లోబడవలసియున్నది. 2022 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఈ లోపమును సరిదిద్దు విషయము ఆలోచింపుమని కేంద్రమునకు సూచించినది. గిరిజనుల ఆచారములను బయటివారు తారుమారు చేయగూడదన్న మాట న్యాయమైనదే. వారి భూమిని బయటివారికి పోనీయని రక్షణలు చెక్కుచెదరరాదు. కాని ఆ భూమి గిరిజనుల చేతనే యుండుచు కొడుకునకును కూతురికిని సమముగా చెందుటకు అడ్డమేమి? ఆచారమును నిర్ణయించునప్పుడు కోయ స్త్రీలను గూడ కూర్చుండబెట్టి యడుగుడు. ఇక్కడను ప్రశ్న అదియే. గీత గీయునప్పుడు ఆమె అచ్చట నుండెనా?

తుదకు సంస్కారప్రియులగు గృహస్థులకు ఒక మాట. వీరేశలింగముగారి పేరు మనమందరము తలచుచున్నాము. ఆ వివాహముల కాలమున బంధువులు వెలివేసి, వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేసినప్పుడు, గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసినది వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. సంస్కారమునకు వాదము పురుషుడు చేసెను. బరువు స్త్రీ మోసెను. వేదికపై సమానత్వము మాటాడి యింటికి వచ్చి కంచము ముందు కూర్చుండి నీళ్లకొఱకు పిలుచు సంస్కర్తలు నేటికిని కలరు. వారి మతము వేరైనను, గీత ఒక్కటే.

కావున మేము కోరునవి పెద్ద విషయములు కావు. రామాయణము చదువు యింట అరణ్యకాండమును కూతురిచేత బిగ్గరగా చదివింపుడు. ప్రవచనమునకు వచ్చినవారిలో స్త్రీలే యెక్కువగా నున్నచోట, ప్రవచనము చెప్పుటకును స్త్రీని పిలువుడు. పంపకము కాగితముపై చెల్లెలి సంతకము తీసికొనుటకు ముందు, ఆమె యేమి వదలుకొనుచున్నదో ఆమెకు చదివి వినిపింపుడు. పసుపుకుంకుమల పేర ఒక చీర పెట్టి పొలము మరపింపవలదు. ఎవరైన మతము పేర ఆడుదాని దారికి అడ్డము గీత గీసినచో, కోపింపక, వెనుదీయక, ఆ గీత ఏ పుటలో నున్నదో చూపుమనుడు. వారు పుటలు త్రిప్పుచుండగా ఆమె తన దారిని తాను పోవచ్చును.